మామ ఎంచిన పడవ

పోయిన నెల మా మనవడు నన్ను కారెక్కించుకుని మా దీవి ఉత్తరపు కొసన ఉన్న గ్రాన్ బే తీసుకువెళ్ళాడు. వాడూ వాడి స్నేహితుడూ కలిసి ఒక తెరచాప పడవ కొంటున్నారట. సముద్రం దాటి రోద్రిగ్ దీవికీ ఆ పైకీ షికారు వెళ్ళాలని వాళ్ళ సరదా. "అవ్వా, నువ్వు చూసి చెప్పాలి" అన్నాడు. వాడికి వచ్చిన తెలుగు మాటలు అన్నీ కలిపి ఒక డజను ఉంటాయి, మిగతాదంతా ఇక్కడి ఫ్రెంచి కలగలుపు భాష, క్రియోలే. ఆ డజనులో 'అవ్వా' ఒకటి, 'చాలు' ఒకటి. నా చేతి పప్పు తినేటప్పుడు మాత్రం రెండోది వాడికి గుర్తుండదు. రేవులో ఆ పడవ పాలమీగడలా తెల్లగా ఉంది. అంతా ప్లాస్టిక్కేనట, ఎక్కడా ఒక మేకు లేదు, ఒక అతుకు లేదు. నేను దాని పక్కకి వెళ్ళి, చెవి ఆనించి, మడిచిన వేళ్ళతో ముందు నుంచి వెనకదాకా తట్టుకుంటూ వెళ్ళాను. ఎక్కడ తట్టినా ఒకటే చప్పుడు, బోర్లించిన బకెట్టు చప్పుడు. అమ్మేవాడు నవ్వి, అది కొబ్బరికాయ కాదని మీ అవ్వకి చెప్పు అని మనవడితో క్రియోల్లో అన్నాడు. నాకు కోపం రాలేదు. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట పోయిన మా మామగారు నా పక్కన వచ్చి నిలబడినట్టయింది.

మొదటి యుద్ధం ముగిసిన కొత్తలో నేను నువెల్ ఫ్రాన్స్ నుంచి మాయెబూర్ కి కోడలిగా దిగాను. మా పుట్టింటిది మిట్ట ప్రాంతం. వాన, మంచు, కూరగాయల మళ్ళు, పెరట్లో నాలుగు పనసచెట్లు. సముద్రం అంటే కొండమీద నుంచి కనిపించే నీలిగీత అనే తప్ప అది ఇంటి వాకిట్లోకి వచ్చి కూర్చుంటుందని నాకు తెలియదు. అత్తవారిల్లు సరిగ్గా ఒడ్డునే. తెల్లవారి లేస్తే చీరకి ఉప్పు, జుట్టుకి ఉప్పు, ఆఖరికి పసుపు డబ్బా మూతకీ ఉప్పే. మామగారు పడవల వడ్రంగి. వాళ్ళ నాన్న కోరంగి పక్కన ఓడలు కట్టే ఊరి నుంచి ఐదేళ్ళ ఒప్పందం మీద ఈ దీవికి చెరుకు కొట్టడానికి వచ్చాడట. కొట్టినంతకాలం కొట్టి, ఒప్పందం తీరిన మర్నాడే కత్తి పారేసి బాడిశ పట్టి సముద్రం ఒడ్డుకి వచ్చేశాడు. ఆ బాడిశే మామగారికి వచ్చింది. దానితోపాటు నల్ల చేవకొయ్యతో చేసిన ఒక చిన్న సుత్తి కూడా వచ్చింది. బాడిశ ఎవరికైనా ఎరువిచ్చేవారు గాని సుత్తి మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చింది నేనైతే ఒక్కసారే చూశాను.

ఆ సుత్తితో ఆయన పడవల్ని తట్టి, పలక మీద చెవి పెట్టి వినేవారు. గట్టి చెక్క ఒకలా పలుకుతుంది, పుచ్చిన చెక్క ఇంకొకలా మూలుగుతుంది, మేకు వదులైన చోట చిన్న జలదరింపు ఉంటుంది. ఈ విద్య ఆయనకి పడవల దగ్గరే ఆగలేదు. బజారులో పనసకాయల్ని తట్టేవారు, తలుపుల్ని తట్టేవారు. నన్ను చూడటానికి వచ్చిననాడు మా ఇంటి నట్టింటి స్తంభాన్ని రెండుసార్లు తట్టి "పర్వాలేదు" అన్నారు. మా వంశాన్ని మెచ్చుకున్నారని మా నాన్న చాలాకాలం మురిసిపోయాడు. మా నాన్నా తట్టేవాడే, కాకపోతే ఆయనవి పనసకాయలు. ఏ కాయ పండిందో, ఏది లోపల కుళ్ళిందో చిన్నప్పటి నుంచి ఆయన పక్కన నిలబడి నేనూ వినేదాన్ని. ఆ వినికిడి నా కాపురానికి పనికొస్తుందని ఎవరనుకున్నారు.

మామగారిది ఇంకో నియమం ఉండేది, ఆ ఒడ్డున అందరికీ తెలిసినదే. దూరప్రయాణానికి పడవని తట్టి 'బాగుంది' అన్నాక, దాని మొదటి ప్రయాణంలో తన ఇంటివాడొకడు ఎక్కి వెళ్ళాలి. అలా అయితేనే తన మాటకి విలువ అనేవారు. వయసులో ఉండగా తనే ఎక్కేవారు. నేను వచ్చేనాటికి ఆ వంతు ఆయన ఒక్కగానొక్క కొడుక్కి, అంటే మా ఆయనకి వచ్చింది. పెళ్ళిలో ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఇక మా ఇంటి మర్యాద గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కోడలు మామగారి ఎదుట నిలబడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన కూడా నన్ను నేరుగా పిలవరు. మా ఇద్దరికీ మధ్య అత్తగారు తంతి తపాలా. "ఆ పిల్లనడుగు, పులుసులో ఉప్పు సముద్రం నుంచి ముంచుకొచ్చిందా అని" అని ఆయన అంటే, నేను వంటింట్లోంచి అత్తగారికి బదులు చెప్పేదాన్ని. మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి మాట చుట్టూ తిరిగి చేరేది. అత్తగారు ఇంట్లో లేనప్పుడు ఇంకో ఏర్పాటు ఉండేది. అన్నం వడ్డించి, గరిటెతో ఇత్తడి పళ్ళెం అంచు మీద మూడుసార్లు కొట్టి నేను లోపలికి వెళ్ళిపోవాలి. పెరట్లో చెక్క చెక్కుతున్న ఆయన ఆ చప్పుడు విని, కాళ్ళు కడుక్కుని వచ్చి తినేవారు.

ఇలా ఉండగా ఒక ఏడు తుపానుల రోజులు పోయాక నోటరీ దొర మా ఇంటికి వచ్చాడు. పెద్ద మీసాలు, చిన్న కళ్ళద్దాలు, చంకలో ఇంగ్లీషు పడవల బొమ్మలున్న పుస్తకం. జీవితమంతా ఇతరుల వీలునామాలు రాసీ రాసీ విసిగిపోయాననీ, తన పడవలో తను రోద్రిగ్ దాకా పోయి రావాలనీ అన్నాడు. ఆ మాట వినగానే మామగారి ముఖం మారింది. రోద్రిగ్ మాకు తూర్పున ఉంది. గాలి ఏడాదిలో చాలా భాగం ఆ వైపు నుంచే వీస్తుంది. వచ్చేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు వచ్చేయొచ్చు గాని, పోయేటప్పుడు మాత్రం వారం రోజులు ఎదురుగాలిలో అలల్ని గుద్దుకుంటూ పోవాలి. దొర మనసు అప్పటికే పోర్ లూయీ రేవులో ఉన్న ఒక తెల్లపడవ మీద పడింది. సన్నగా, పొడవుగా, పందేల్లో గెలిచిన పడవ. మామగారు రైలెక్కి వెళ్ళి దాన్ని చూసి, సాయంత్రానికల్లా తిరిగి వచ్చి "బాతో లా పా బోన్" అన్నారు, ఆ పడవ మంచిది కాదని.

దొర ఒప్పుకోలేదు. అప్పుడు మామగారు మా అరుగు మీద కూర్చుని చెప్పిన మాటలు నేను తలుపు చాటు నుంచి విన్నాను. పందెం పడవకి ఒక మధ్యాహ్నం చాలు, దానికి కడుపుతో పని లేదు. వారం రోజులు పోయే పడవకి కడుపు ఉండాలి, నీళ్ళ పీపాలూ బియ్యమూ మనుషులూ పట్టాలి. అడుగు లోతుగా ఉండాలి, లేకపోతే ఎదురుగాలిలో పక్కకి కొట్టుకుపోతుంది. తెరచాప ఒక్కటే పెద్దది కాకుండా చిన్నవి రెండు మూడు ఉంటే, గాలి హెచ్చినప్పుడు ఒకటి దించి మిగిలినవాటితో పోవచ్చు. మేకులు రాగివై ఉండాలి. అన్నింటికంటే ముందు లోపలికి దిగి, మూత వేసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూడాలి. పులిసిన వాసన వస్తే నీళ్ళు ఎక్కడో నిలిచి చెక్కని తింటున్నట్టు లెక్క. దొర ఇదంతా పుస్తకంలో రాసుకున్నాడు. చివరికి మామగారు చూపించినది మా ఒడ్డునే, ఏడాదిగా ఎండలో పడి ఉన్న ఒక పాత సరుకుల పడవ. పొట్టిది, లావుపాటిది, నల్లటి తారు రంగుది. దాన్ని చూసి దొరసాని ఏడ్చిందని అత్తగారు తర్వాత నాకు చెప్పింది.

మూడు నెలలు దాని మీద పని జరిగింది. అడుగుకి పట్టిన గవ్వల్ని గీకారు, పాత రంగు కాల్చి తీశారు, పలకల సందుల్లోని పాత పీచు లాగి కొత్త పత్తి పేని కూరారు, దాని మీద గుగ్గిలం, నూనె కలిపి కాచి పోశారు. గుగ్గిలం కాచడం, తెరచాపలు కుట్టడం ఆడవాళ్ళ పని. అత్తగారూ నేనూ అరుగు నిండా గుడ్డ పరుచుకుని, అరచేతికి తోలుముక్క కట్టుకుని, దబ్బనాలతో కుట్టేవాళ్ళం. ఇప్పటికీ నా కుడి అరచేతిలో ఆ కాయ ఉంది. ఆ రోజుల్లోనే నేనొక ఘనకార్యం చేశాను. శుక్రవారం కదా, శుభ్రంగా ఉంటుందని, బావినీళ్ళు నాలుగు బిందెలు తోడి పడవ పైభాగమంతా కడిగి వచ్చాను. వాకిలి కడిగినట్టే. మామగారు అది చూసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు అత్తగారితో "ఆ పిల్లకి సెప్పు, మంచినీళ్ళు పోత్తే సెక్క కుళ్ళుద్ది, ఉప్పునీళ్ళే పొయ్యాల" అన్నారు. మా మిట్టమీద అయితే ఉప్పునీళ్ళు పోస్తే మొక్క చచ్చేది. ఇక్కడ అంతా తలకిందులు.

ఆ పని సగంలో ఉండగా నాకు అనుమానం తగిలింది. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించి పళ్ళెం కొట్టాను. ఆయన రాలేదు. మళ్ళీ కొట్టాను, గట్టిగా. తలుపు సందులోంచి చూస్తే ఆయన ఎడమవైపు నాకు పెట్టి, చెక్క మీద వంగి, హాయిగా పని చేసుకుంటున్నారు. ఇంకోనాడు ఆయన కుడివైపు తిరిగి ఉన్నప్పుడు ఒక్క దెబ్బకే లేచి వచ్చారు. అప్పటి నుంచి నేను గమనించడం మొదలుపెట్టాను. ఎవరు వచ్చినా కుడివైపు కూర్చోబెట్టేవారు. ఎడమ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఏదో ఆలోచనలో ఉన్నట్టు ముఖం పెట్టేవారు. ఆ ఎడమచెవి పోయింది, ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏడాదిగా దాచిపెడుతున్నారు. ఆయన కుడిచేత్తో సుత్తి వేసి, వంగి పలకకి ఆనించేది ఎప్పుడూ ఎడమచెవే. నలభై ఏళ్ళ అలవాటు. మార్చుకుంటే నలుగురూ ఎందుకని అడుగుతారు.

ఆ నల్లపడవలో మొదటి ప్రయాణం వెళ్ళేది మా ఆయన. పెళ్ళయి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆయనతో చెప్పాను. "నాన్న చెవులకేం? నిన్న నేను లోపల గొణుక్కున్నది కూడా ఇని తిట్టేడు" అని నవ్వేశారు. కుడివైపు ఉండి గొణుక్కుని ఉంటారు. అత్తగారికి చెబుదామంటే, భర్తకి చెవుడు అని ఆవిడతో ఏ నోటితో అనను. ఒకవేళ ఈ మాట ఒడ్డున పాకితే ఆయన సుత్తిని ఎవరూ నమ్మరు, ఇల్లు గడిచేది దాని మీదే. పాకకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికి నాకు ధైర్యం లేదు. ఆ నెలంతా కుట్టు తప్పుతూ వచ్చాను. నేను కడుపుతో ఉన్నాననుకుని అత్తగారు మామిడికాయ తెప్పించి పెట్టింది. నేను తిన్నాను కూడా.

ఆఖరి తట్టుడు రోజు వచ్చింది. ఆ రోజు మామగారు మొత్తం పడవని చివరిసారి తట్టి సరే అంటే, ఇంటి పెద్ద ముత్తైదువ పడవ ముందు కొసనున్న ముక్కుకొయ్యకి పసుపు రాసి బొట్టు పెడుతుంది. బొట్టు పడ్డాక ఇక మాట తిరగదు. మర్నాటి నుంచి ఓడపురుగు తొలవకుండా అడుగంతా రాగిరేకు కొడతారు. రేకు పడితే ఆ పైన ఏ సుత్తికీ ఏదీ వినపడదు. దొర వచ్చాడు, పనివాళ్ళు వచ్చారు, మా ఆయన తాడు చుడుతూ నిలబడ్డారు. అత్తగారు పసుపు కుంకుమల పళ్ళెంతో ముందు, నేను కొబ్బరికాయ బుట్టతో ఆవిడ వెనక, ముసుగు కళ్ళ దాకా దించుకుని. మామగారు ముక్కు దగ్గర మొదలుపెట్టారు. ప్రతి పలకకీ ఒక దెబ్బ, చెవి ఆనించడం, తల ఊపడం. నేను లోలోపల ఆయనతోపాటు వింటున్నాను. గట్టి, గట్టి, గట్టి. పడవ వెనకభాగంలో, చుక్కానికి కొంచెం ముందు, నీటిగీత కింది పలక మీద దెబ్బ పడింది. అది గట్టి చెక్క చప్పుడు కాదు. మా నాన్న పక్కకి పారేసే పనసకాయ చప్పుడు. ఆయన తల ఊపి పక్క పలకకి వెళ్ళిపోయారు.

చుట్టూ చూశాను. పనివాళ్ళు మాట్లాడుకుంటున్నారు, ఎవరికీ పట్టలేదు. ఆయన చివరి పలక తట్టి, నడుం నిలబెట్టి, అత్తగారికి సైగ చేశారు. ఆవిడ పసుపులో వేలు ముంచింది. నేను ఆవిడ చేతిలోని పళ్ళెం అంచు మీద గాజులతో మూడుసార్లు కొట్టాను. వెర్రిదాన్ని, ఆయన ఎడమవైపు మాకు పెట్టి ఉన్నారు. అప్పుడు నా నోట మాట వచ్చింది. "మామా, చుక్కాని కాడ పలక మళ్ళీ కొట్టండి" అన్నాను. అందరూ విన్నారు, ఆయన తప్ప. రెండోసారి అరవాల్సి వచ్చింది. కోడలు మామగారి మీద అరవడం ఆ ఒడ్డున అదే మొదలు. అత్తగారి వేలు పసుపులోనే ఉండిపోయింది.

ఆయన తిరిగారు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను గాని లేదు. పట్టుబడిన మనిషి అలసట ఉంది. నడిచి వచ్చి సుత్తి నా ముందుకి చాపి "నువ్వే కొట్టమ్మా" అన్నారు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నేను తట్టాను. పక్క పలక, ఈ పలక, మళ్ళీ పక్క పలక. తేడా ఇప్పుడు పనివాళ్ళకి కూడా వినపడింది. ఆయన మొలలోంచి దబ్బనం తీసి నేను చూపించిన చోట గుచ్చారు. అది పిడి దాకా దిగిపోయింది. పైనుంచి చూస్తే ఆ పలక నున్నగా ఉంది. వాననీళ్ళు కప్పులోంచి చుక్క చుక్కగా దిగి లోపలివైపు నుంచి దాన్ని తినేశాయి. ఎదురుగాలిలో మూడో రోజుకి ఊడిపోయేదని మా ఆయన తర్వాత అన్నారు, చాలా మామూలుగా, ఊడిపోయే పడవలో వెళ్ళేది ఇంకెవరో అన్నట్టు.

దొరకి ఏమీ అర్థం కాలేదు. ఆ పిల్ల ఏమందని అడిగాడు. ఆ క్షణంలో మామగారు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కోడలికి కూడా పని నేర్పిస్తున్నానని అన్నా దొర నమ్మేవాడు. ఆయన అలా అనలేదు. పనివాళ్ళందరూ వింటుండగా, "నా ఎడమచెవి పోయింది మిసియే, ఏడాదయింది. ఈ పడవని విన్నది నా కోడలు" అని క్రియోల్లో చెప్పి, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన పరువు నేనే తీశానని కొంత, మా ఆయన బతికారని కొంత. దొర, తను వీలునామాలు రాసేటప్పుడు పెట్టుకునే అద్దాలు లేకపోతే తన పేరు తనే చదువుకోలేనన్నాడు. ఎప్పుడు బయల్దేరవచ్చో మామగారినే చెప్పమన్నాడు.

ఆ పలకా, దాని కింద ఇంకొకటీ తీసి కొత్తవి వేశారు. ఇక్కడ తకమాకా అనే చెట్టు మన పొన్నచెట్టే, దాని చెక్క. పదిహేను రోజులు ఆలస్యమయింది. రెండోసారి ఆయన సుత్తి వేస్తే నేను విన్నాను. అత్తగారు బొట్టు పెట్టింది. చెరుకు కోతలు మొదలైన వారంలో నల్లపడవ తీరం చుట్టూ ఉన్న పగడపు రాళ్ళగట్టు సందులోంచి బయటపడి తూర్పుకి పోయింది. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పను, చెబితే మీరు నవ్వుతారు, పళ్ళెం దానంతట అది మోగినా ఒడ్డుకి పరిగెత్తేదాన్ని. ఇరవై మూడో రోజున పడవ తిరిగి వచ్చింది. మా ఆయన నల్లగా మాడి, రోద్రిగ్ ఎర్రచిక్కుళ్ళు ఒక మూటా, ఎండు ఆక్టోపసూ పట్టుకుని దిగారు. లోపలికి ఒక్క చెంబుడు నీళ్ళు కూడా రాలేదని దొర ఊరంతా చెప్పుకున్నాడు. దొరసాని కూడా ఆ తర్వాత ఆ పడవని ఏమీ అనలేదని విన్నాను.

ఆ సాయంత్రం అత్తగారు నన్ను కూర్చోబెట్టి, ఆయనకి చెవుడని ఎప్పుడు తెలిసిందే నీకు అని అడిగింది. పళ్ళెం సంగతి చెప్పాను. ఆవిడ "నలపై ఏళ్ళయి నా మాట ఇనడంలేదు కదా, చెవుడని నాకెలా తెలుత్తాదీ" అంది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, ఆయన కాళ్ళు ఆడినంతకాలం, మేమిద్దరం కలిసి పడవల్ని విన్నాం. జనం మానలేదు సరికదా, కోరంగీ ముసలాయన కోడలు వినందే పడవ కొనం అనేవాళ్ళు కూడా బయల్దేరారు. మాటలు మాత్రం మళ్ళీ లేవు. ముసుగు మళ్ళీ దిగింది, మర్యాద మళ్ళీ వచ్చింది. ఆయన సుత్తి వేసేవారు, నేను పక్కన నిలబడి చెక్క బాగుంటే పళ్ళెం మీద ఒక దెబ్బ, బాగాలేకపోతే రెండు కొట్టేదాన్ని, ఆయన కుడివైపు నుంచి. ఎనిమిదేళ్ళలో అలా మేము చెప్పుకున్నన్ని కబుర్లు ఏ మామా కోడలూ చెప్పుకుని ఉండరు. ఆయన పోయాక సుత్తి నాకే వచ్చింది. మా ఆయన పోయాక కూడా అది నా దగ్గరే ఉంది. మందిరం బడిలో పిల్లలకి తెలుగు చెప్పేటప్పుడు అల్లరి చేస్తే బల్ల మీద దానితోనే కొడతాను.

గ్రాన్ బేలో ఆ ప్లాస్టిక్ పడవ దగ్గర ఇదంతా తలుచుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో. ఎవరో నా భుజం పట్టి కుదిపారు. మా మనవడు. వాడి ముఖం కంగారుగా ఉంది. నా ఎడమపక్కన నిలబడి నాలుగుసార్లు పిలిచాడట. అమ్మేవాడు చూస్తున్నాడు, వాడి స్నేహితుడు చూస్తున్నాడు. "ఈ పక్కకి వచ్చి చెప్పు నాయనా, ఆ చెవి పోయింది" అన్నాను. పడవ సంగతేమిటని అడిగాడు. ఇది నాకేమీ చెప్పదురా, దీన్ని వినేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళని వెతుక్కుని, మొదటిసారి వాళ్ళని కూడా ఎక్కించుకుని వెళ్ళమన్నాను. తిరిగి వస్తూ కారులో నన్ను తన ఎడమవైపు సీటులోనే కూర్చోబెట్టుకున్నాడు. నా మంచి చెవి వాడి వైపు ఉండేలా, దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు. చెవి పోయిందని అనడానికి మామగారికి ఏడాది పట్టింది, నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆ బరువు నా వంతు కూడా ఆయనే ఆనాడు ఒడ్డున దించేశారని తెలుసుకోవడానికి మాత్రం దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.